వాగు అవతల ఎవరున్నారో రాసి పెట్టుకోవాలి

సంపాదకులకు నమస్కారం.

పెద్ద వాన కురిసిన మర్నాడు మీ జిల్లా పేజీలో మండలాల వారీగా పట్టిక వేస్తారు. చందంపేటలో ఇంత, డిండిలో ఇంత, నాంపల్లిలో ఇంత అని మిల్లీమీటర్లతో సహా ఉంటుంది. నేను ముందు దాన్నే చూస్తాను. ఆరోగ్య ఉప కేంద్రంలో ఏఎన్ఎంగా, అంటే ఊళ్లు తిరిగే నర్సుగా, ఆ మండలాల్లోనే ఉద్యోగమంతా చేసి, ఇప్పుడు దేవరకొండలో ఉంటున్నాను. పట్టికలో తప్పేమీ లేదు. అయితే అన్ని మిల్లీమీటర్లు పడితే ఎవరి ఇంటి గోడ నానుతుందో, ఏ తండాకు దారి తెగుతుందో, దారి తెగిన చోట నెలలు నిండిన ఆడవాళ్లు ఎవరున్నారో అందులో ఉండదు. ఆ లెక్క మరెక్కడా అచ్చు కాదు కూడా. ఈ ఉత్తరం దాని గురించే. కొంచెం పొడుగైంది. కోత వేయక తప్పదనుకుంటే మధ్యలో వేసుకోండి గానీ చివరి భాగం ఉంచండి.

మా పనిలో ఒక చిన్న ఏర్పాటు ఉండేది. పైనుంచి ఆదేశం వచ్చి చేసింది కాదు, అవసరం నేర్పింది. జూన్ నెలలో గర్భిణుల రిజిస్టరు ముందేసుకుని, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా కాన్పు తేదీ పడినవాళ్ల పేర్లు విడిగా రాసుకునేవాళ్లం. వాగు అవతలి ఊళ్లవాళ్ల పేర్ల కింద ఎర్ర గీత గీసేవాళ్లం. ఆ ఇళ్లకు వెళ్లి, తొమ్మిదో నెల పడగానే వాగు ఇవతల ఎవరింట్లో ఉంటారో అడిగేవాళ్లం. మేనత్త ఇల్లో, పెద్దమ్మ ఇల్లో చెప్పేవారు. ఎవరూ లేనివాళ్లకు ఆశా కార్యకర్త ఇల్లే దిక్కు. మొదట్లో అత్తగార్లు ఒప్పుకునేవారు కాదు. "మేమంతా ఇక్కడే కన్నాం కదా నర్సమ్మా" అనేవారు. "కన్నారు అవ్వా, కన్నవాళ్లలో ఎందరు బతికారో కూడా చెప్పు" అనేదాన్ని. కటువైన మాటే. మెత్తగా చెబితే వినే విషయం కాదది.

ఇందులో వాతావరణ శాస్త్రం ఏమీ లేదు. వాన ఎప్పుడు పడుతుందో మాకు తెలియదు, ఎంత పడుతుందో అసలే తెలియదు. వాగు పొంగితే ఎవరు చిక్కుకుంటారో మాత్రం పేరు పేరునా తెలుసు. ఆకాశం వైపు నుంచి వచ్చే కబురు వాతావరణ శాఖ చూసుకుంటుంది. ఊరి వైపు కబురు ఊళ్లోనే ఉంది, అదీ నాలుగైదు రిజిస్టర్లలో చెల్లాచెదురుగా.

వాన ఒక చోట పడితే ప్రాణాలు మరో చోట పోవడం మన జిల్లాలకు కొత్త కాదు. 2005 అక్టోబరు 29న తెల్లవారకముందే వలిగొండ దగ్గర డెల్టా ప్యాసింజరు రైలు వాగులో పడింది. వంద మందికి పైగా చనిపోయారు. పట్టాల కింది వంతెనను కొట్టుకుపోయింది ఎగువన చెరువు కట్ట తెగి వచ్చిన నీళ్లు. కట్ట తెగిన కబురు రైలును ఆపగలిగినవాళ్లకు చేరలేదు. విపత్తుల నిర్వహణ చట్టం అదే ఏడాది డిసెంబరులో వచ్చింది. మా వలిగొండను చూసి కాదులెండి, సునామీ చూసి. అంతకు ముందు 1956లో జడ్చర్లకూ మహబూబ్‌నగర్‌కూ మధ్య ఇలాగే వరదకు వంతెన కూలి రైలు పడింది. అప్పుడూ వంద మందికి పైనే పోయారు. రైల్వే మంత్రిగా ఉన్న లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తానంటే నెహ్రూ ఒప్పుకోలేదు. కొన్ని నెలలకే తమిళ ప్రాంతంలో అరియలూరు ప్రమాదం జరిగాక ఒప్పుకున్నారు. అందుకే పోటీ పరీక్షల పిల్లలకు అరియలూరు తెలుసు, సొంత జిల్లాలో జరిగింది తెలియదు.

మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండి అలుగు దూకితే ఆ నీళ్లు కింది చెరువుకు వస్తాయి. పై కట్ట తెగితే ఆ బరువంతా ఒక్కసారిగా కింది కట్ట మీద పడుతుంది. మిషన్ కాకతీయ పేరుతో రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులను లెక్క తేల్చి, చాలా వాటిలో పూడిక తీశారు. మంచి పనే. చెరువులో నీళ్లెన్ని పడతాయో కాగితం మీదకు వచ్చింది. అలుగు నీళ్లు వాగులో కలిసే దారిలో ఇప్పుడు ఎవరి ఇల్లుంది, ఎవరి వెంచరు రాళ్లు పాతారు అన్నది ఏ కాగితంలోనూ రాలేదు. పూర్వం నీరటి ఉండేవాడు. వాన రాత్రి గొంగడి కప్పుకుని కట్ట మీదే ఉండి, తూము దగ్గర నీళ్ల రంగు మారినా, కట్ట వెనక వైపు చెమ్మ కనిపించినా ఊరిని లేపేవాడు. ఆ పని తర్వాత గ్రామ సేవకుల నెత్తిన పడింది. 2020లో వీఆర్వోల (గ్రామ రెవెన్యూ అధికారుల) వ్యవస్థ తీసేశారు, 2023లో వాళ్ల కింది వీఆర్ఏలను (గ్రామ రెవెన్యూ సహాయకులను) వేరే శాఖల్లోకి సర్దారు, 2025లో గ్రామ పాలన అధికారులు వచ్చారు. తీసేయడంలోనూ తేవడంలోనూ ప్రభుత్వాలకు కారణాలు ఉండవచ్చు. మధ్యలో కొన్నేళ్లు మాత్రం వాన రాత్రి కట్ట మీదకు ఎవరు వెళ్లాలంటే, ఒకరి ముఖం ఒకరు చూసుకోవడమే మిగిలింది.

2024లో ఆగస్టు ఆఖరున మొదలైన వానకు సెప్టెంబరు ఒకటో తేదీకల్లా కోదాడ కాలనీలు మునిగాయి, నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాల్వకు గండి పడింది. మరుసటి ఏడాది అక్టోబరులో మొంథా తుఫాను. తీరం దాటింది ఆంధ్రలో, నీళ్లు చుట్టుముట్టింది ఇక్కడ మా దేవరకొండ పక్కన కొమ్మేపల్లి గురుకుల పాఠశాలను. డిండి దగ్గర శ్రీశైలం రహదారి మీద రాకపోకలు ఆగిపోయాయి. తుఫాను అంటే సముద్రం పక్కవాళ్ల బాధ అని ఇక్కడ ఇంకా చాలామంది నమ్మకం. సముద్రం మనకు కనబడదు గానీ దాని నీళ్లు మన దాకా వస్తాయి.

మట్టి గోడల గురించి ఒక మాట. వాన దంచుతున్నప్పుడు అందరూ భయపడతారు, బడిలోకో గుడిలోకో వెళ్తారు. వాన వెలిసి ఎండ పొడ కనిపించగానే ఇంటికి వచ్చేస్తారు. నానిన గోడ చాలాసార్లు అప్పుడే కూలుతుంది. నేను చూసినవాటిలో గోడ వైపు తల పెట్టి పడుకున్న ముసలివాళ్లే ఎక్కువ. అప్పటికి మీ పట్టికలో ఆ మండలం పక్కన సున్నా ఉంటుంది.

ఇక ఎండ. దీని గురించి ఎంత చెప్పినా నాకు సరిపోదు. వరదకు ఫొటో ఉంటుంది, ఎండకు ఉండదు. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వడదెబ్బకు పోయినవాళ్ల లెక్క దేశమంతా చెప్పుకున్నారు. తెలంగాణలో ఎక్కువ మరణాలు నమోదైన జిల్లాల్లో మా నల్లగొండ ముందు వరసలో ఉంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోలు పగిలితే రాతి పనివాళ్లు మళ్లీ చెక్కుతారు.

మనిషి ఒళ్లు చెమట పట్టి చల్లబడుతుంది. చెమటకు నీళ్లు కావాలి, ఉప్పు కావాలి, చెమట ఆరడానికి గాలి ఆడాలి. వీటిలో ఏది కుంటుపడినా లోపలి వేడి పెరుగుతుంది. నలభై డిగ్రీలు దాటితే మెదడు మీద పడుతుంది. మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా, అడిగినదానికి జవాబు రాకపోయినా అది తాగిన మత్తు అనుకోకండి. ముందు నీడకు లాగి, ఒంటి మీద నీళ్లు పోసి, విసరాలి. ఆసుపత్రి తర్వాత. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఇదంతా కరపత్రాల్లో ఉంటుంది. ఎవరికి ముందు తగులుతుందో ఉండదు.

ఉపాధి హామీ పనికి వచ్చిన ఆడవాళ్లను చూడండి. చెరువు పూడిక పని, చుట్టూ చెట్టు లేదు. పని చోట నీళ్ల క్యాను ఉంటుంది. అయినా తాగరు. ఎందుకమ్మా అంటే ఒకరినొకరు చూసుకుని నవ్వుతారు. తాగితే ఎక్కడికి వెళ్లాలి? చాటు లేదు. పొద్దున ఇంట్లో తాగిన గ్లాసుతో పదకొండు దాకా నెట్టుకొస్తారు. ఉష్ణోగ్రత నలభై నాలుగు అని మీరు రాస్తారు. నాలుగు కర్రలు పాతి కట్టిన పాత చీర చాటు ఒకటుంటే ఆ నలభై నాలుగులో సగం విషం పోతుందని నేను రాస్తాను.

ఇంకొకరు బీపీ మాత్రలు వేసుకునే పెద్దవాళ్లు. ఒంట్లో నీరు లాగే మాత్రలు కొన్ని ఉంటాయి. వేసవిలో అవి వేసుకుని రేకుల గదిలో పడుకుంటే ఏమవుతుందో వాళ్లకు ఎవరూ చెప్పరు. మాత్ర మానేయమని కాదు, డాక్టరును అడిగి మోతాదు చూపించుకోమని ఇంటింటికీ చెప్పాలి. రేకు పగలంతా కాగి, చీకటి పడ్డాక కూడా గదిలోకి వేడి వదులుతూనే ఉంటుంది. కొడుకూ కోడలూ హైదరాబాద్‌లోనో, ముంబైలోనో, పుణెలోనో ఉంటారు. దేశంలో ఎన్నో ఆనకట్టలకు మట్టి మోసిన పాలమూరు ఊళ్లలో ఇది తరతరాల కథ. మేస్త్రీ బయానా ఇస్తాడు, గుంపు కదులుతుంది, ఇంటికి కాపలా ముసలివాళ్లు. ఊళ్లో ఎవరికి ఏమైనా ఎత్తుకుని పరుగెత్తే వయసువాళ్లు ఊళ్లో లేకపోవడం కూడా ఒక ముప్పే. దాన్ని కొలిచే పరికరం ఏ వాతావరణ కేంద్రంలోనూ లేదు.

2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం వడగాడ్పులను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోయినవారి కుటుంబానికి నాలుగు లక్షలు ఇస్తామంది. సంతోషం. ఆ డబ్బు చేతికి రావాలంటే వడదెబ్బకే పోయారని తేలాలి. అందుకు కాగితాలు కావాలి, శవపరీక్ష కావాలి, అధికారులు కూర్చుని నిర్ధారించాలి. మా ఊళ్లలో మధ్యాహ్నం ప్రాణం పోతే చీకటి పడకముందే మట్టి చేస్తారు. కోయించడానికి ఒప్పుకోరు. రిజిస్టరులో "గుండె ఆగి" అని పడుతుంది. గుండె ఆగకుండా ఎవరు చనిపోతారు? అలా లెక్క తగ్గుతుంది. లెక్క తగ్గిన ఊరికి నీడ పందిరి రాదు, ఓఆర్ఎస్ పొట్లాలు చివరన వస్తాయి. ఎండాకాలం మొదట్లోనే ఆశా కార్యకర్త ఇంటింటికీ వెళ్లి, అలాంటి మరణం జరిగితే ముందు ఎవరికి ఫోను చేయాలో చెప్పి రావాలి. చావు మాట ముందే ఎత్తుతారా అని తిట్లు పడతాయి. నేనూ పడ్డాను, పడవచ్చు.

పిడుగు సంగతికి వస్తాను. చేలో పత్తి ఏరుతున్న ఆడవాళ్లు, నాటు వేస్తున్నవాళ్లు, మేకలు కాసేవాళ్లు, వీళ్లే పోతారు. "పిడుగుపాటుకు మహిళా కూలీ మృతి" అని నాలుగు వాక్యాలు వేస్తారు మీరు. ఐదో వాక్యం నాకు కావాలి. మబ్బు పట్టిందని తెలిసీ ఆమె చేలో ఎందుకుంది? ఏరిన పత్తికి కిలోల లెక్కన కూలి. తడిస్తే రంగు మారుతుందని రైతు తొందరపెడతాడు. మధ్యలో లేచి వెళ్తే సంచి నిండదు. నిండని సంచికి డబ్బు రాదు. ఉరుము వినబడిందంటే పిడుగు పడే దూరంలో మనం ఉన్నట్టే. అప్పుడు పని ఆపాలి, ఆపినా ఆ పూట కూలి ఇవ్వాలి. పూర్తిగా ఇవ్వలేకపోతే సగమైనా ఇచ్చేలా పత్తి ఏరుడుకు ముందే రైతులూ కూలీలూ గ్రామసభలో మాట అనుకోవాలి. ఇది అనుకోకుండా "చెట్టు కింద నిలబడకండి" అని మైకులో చెప్పి లాభం లేదు.

చెట్టు కింద నిలబడకూడదన్నది నిజమే. పక్కా ఇల్లు దగ్గర లేకపోతే చెట్టుకూ కరెంటు స్తంభానికీ ఇనుప కంచెకూ దూరంగా, పాదాలు రెండూ దగ్గర పెట్టి గొంతుక్కూర్చోవాలి, పడుకోకూడదు. గుంపుగా ఉంటే ఒకరికొకరు ఎడంగా జరగాలి. దీనికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే మనకూ షాకు కొడుతుందని దూరంగా నిలబడి ఏడుస్తారు. ఆ ఒంట్లో కరెంటు ఏమీ మిగలదు. ఊపిరి ఆగితే వెంటనే ఛాతీ మధ్యలో రెండు చేతులతో గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉంటే కొందరు లేచి కూర్చుంటారు. ఆ నాలుగు నిమిషాలు మనవాళ్లు భయంతో పోగొడుతున్నారు. దామిని అని పుణె శాస్త్రవేత్తల యాప్ ఉంది, చుట్టుపక్కల పిడుగులు ఎక్కడ పడుతున్నాయో చెబుతుంది. స్మార్ట్ ఫోను, సిగ్నలు ఉన్నవాళ్లు పెట్టుకోండి. మేకల కాపరి దగ్గర మీటల ఫోను ఉంటుంది. నల్లమల అంచున చెంచులుండే పెంటల్లో అదీ పలకదు.

ఈదురుగాలులు కూడా అంతే. 2024 మే ఆఖరి వారంలో ఒక్క సాయంత్రపు గాలివానకు నాగర్‌కర్నూల్ జిల్లాలో కడుతున్న కోళ్ల షెడ్డు గోడ కూలి నలుగురు పోయారు. సిమెంటు ఇంకా పట్టు పట్టని గోడ పక్కన తలదాచుకోవడం ఎంత ప్రమాదమో, మనవాళ్లకు ఏ బడిలోనూ చెప్పరు.

మా నల్లగొండకు ప్రత్యేకమైన ముప్పు ఇంకొకటుంది. అది ఉరమదు, మెరవదు. గ్రానైటు రాళ్లలోంచి ఫ్లోరైడు నీళ్లలోకి దిగుతుంది. తాగే నీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము, గత్యంతరం లేకపోతే ఒకటిన్నర, అంతకు మించకూడదని ప్రమాణం. మర్రిగూడ, నాంపల్లి వైపు అంతకు ఎన్నో రెట్లు ఉన్న బోర్లు ఉండేవి. నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడు తగ్గించే పద్ధతి కనిపెట్టి దానికి మా ఊరి పేరే పెట్టింది. నల్లగొండ పద్ధతి. పేరు మాకొచ్చింది, నీళ్లు రావడానికి చాలా ఏళ్లు పట్టింది. మిషన్ భగీరథ నల్లాలు వచ్చాక నేను తిరిగిన ఊళ్లలో చిన్న పిల్లల పళ్లు తెల్లగా కనిపిస్తున్నాయి. వంగిపోయిన పెద్దల నడుములు మాత్రం తిరిగి నిటారు కావు.

వరద గురించి రాస్తూ ఫ్లోరైడు ఎందుకంటారేమో. అన్నీ ఒకదానికొకటి ముడి పడి ఉన్నాయి కాబట్టే. కరువొచ్చి చేదబావులు ఎండితే బోరు దింపారు. బోరు లోతుకు పోయేకొద్దీ నీళ్లు రాయిని ఎక్కువ కాలం అంటిపెట్టుకుని ఉంటాయి, ఫ్లోరైడు పెరుగుతుంది. ఎండలు ఎక్కువైతే ఎక్కువ నీళ్లు తాగుతాం, దాంతో పాటు ఎక్కువ ఫ్లోరైడు తాగుతాం. పాలు, కాల్షియం అందని పేద పిల్లల ఎముకలకే అది ముందు పడుతుంది. ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యాక మెడ తిప్పలేరు, మెట్లు ఎక్కలేరు. ఇప్పుడు అదే ఊళ్లోకి రాత్రి పూట నీళ్లొచ్చాయనుకోండి. "డాబా ఎక్కండి" అని చాటింపు వేస్తే ఎవరు ఎక్కుతారు, ఎవరు కిందే ఉండిపోతారు? వాన ముంచేవాళ్లను నలభై ఏళ్ల కిందటి బోరు నీళ్లే ఎంచి పెట్టాయి.

ఈ ఫ్లోరైడు ఊళ్లకు శ్రీశైలం నీళ్లు తేవడానికే ఎస్ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమ గట్టు కాల్వ) సొరంగం తవ్వుతున్నారు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు సొరంగం పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు. ఉత్తరప్రదేశ్, జార్ఖండ్, పంజాబ్, జమ్మూ కశ్మీర్ నుంచి వచ్చినవాళ్లు. మన వలస కూలీల గురించి మనం బాధపడతాం, సరే. మన దగ్గరికి వలస వచ్చినవాళ్ల పేర్లు మన ఊరి ఏ రిజిస్టరులోనైనా ఉన్నాయా? ఇటుక బట్టీల్లో పని చేసే ఒడిశా కుటుంబాలకు ఇక్కడ రేషను కార్డు లేదు, పింఛను లేదు, ఓటు లేదు. బట్టీ మంట పక్కన వేసవి గడుపుతారు. ఊరి వడదెబ్బ జాబితాలో మొదటి పేర్లు వాళ్లవే కావాలి.

పెద్ద నదుల పక్కన ఉన్నవాళ్ల కథ వేరు. 2009 అక్టోబరు మొదట్లో శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు అలంపూర్ మునిగింది, తుంగభద్ర ఒడ్డున రాజోలి కకావికలైంది. రాజోలి నేతగాళ్ల ఊరు. గుంట మగ్గం అంటే నేలలో గొయ్యి తీసి, అందులో కాళ్లు పెట్టి నేసేది. వరద ఇంట్లోకి వస్తే అన్నిటికంటే ముందు నిండేది ఆ గొయ్యే. గోడ కూలితే ఇంటి నష్టం అని రాసుకుంటారు. నూలు నానిపోయి, మగ్గం బురదలో కూరుకుపోయి, మళ్లీ నేయడానికి పట్టిన కాలానికి ఏ గడిలో ఎంత రాయాలి?

భూకంపం మాట ఎత్తకపోతే హుజూర్‌నగర్ వైపువాళ్లు ఊరుకోరు. చింతలపాలెం, మేళ్లచెరువు ప్రాంతంలో రోజుల తరబడి చిన్న కుదుపులు వచ్చి, 2020 జనవరి 26 తెల్లవారుజామున 4.6 తీవ్రతతో గట్టిగానే కదిలింది. జనం చలిలో బయట పడుకున్నారు. పెద్ద నష్టం జరగలేదు. అంత తీవ్రతకు మామూలుగా భయమే మిగులుతుంది. మట్టి పూసిన రాతి గోడల ఇళ్లు ఏవో మాత్రం గుర్తు పెట్టుకోవడం మంచిది. వానకు కూలేవీ అవే.

ఇప్పుడు నేను అడిగేది చెబుతాను. ప్రతి గ్రామ పంచాయతీలో ఒక నోటుపుస్తకం పెట్టాలి. కొత్త సర్వే ఏదీ అక్కర్లేదు. ఒంటరి వృద్ధులు పింఛను జాబితాలో ఉన్నారు. గర్భిణులు ఏఎన్ఎం దగ్గర, చంటిపిల్లలు అంగన్‌వాడీలో, మంచం పట్టినవాళ్లు ఆశా కార్యకర్త నోటి మీద ఉన్నారు. ఏ వైరు వేలాడుతోందో లైన్‌మన్‌కు తెలుసు, ఏ అలుగు ఎటు దూకుతుందో ముసలి రైతుకు తెలుసు. డయాలసిస్‌కు పట్నం వెళ్లేది ఎవరో ఆటో అతనికి తెలుసు. వీళ్లందరినీ ఒక సాయంత్రం బడి వరండాలో కూర్చోబెడితే పుస్తకం నిండుతుంది. ఉగాది తర్వాత ఎండ కోసం ఒకసారి, మృగశిర ముందు వాన కోసం ఒకసారి తిరగేసి, పోయినవాళ్ల పేర్లు కొట్టేసి, కొత్తవాళ్లవి రాయాలి. ప్రతి పేరు పక్కన ఇంకొక పేరుండాలి. ఆ రాత్రి వాళ్ల తలుపు తట్టేది ఎవరో అక్కడ రాసి, ఆ మనిషి చేత ఒప్పించాలి. తట్టేవాళ్ల పేరు రాయకపోతే ఆ పుస్తకం ఎందుకూ పనికిరాదు.

దీన్ని దయచేసి యాప్ చేయకండి. మా పిల్లలకు (ఇప్పుడున్న ఏఎన్ఎంలను అలాగే అంటాను) ఉన్న యాప్‌లతోనే రోజు గడిచిపోతోంది. వాన రాత్రి ముందు పోయేది కరెంటు, తర్వాత సిగ్నలు. కాగితం మీదుంటే టార్చిలైటు చాలు. అలాగని పుస్తకాన్ని గోడకు అంటించి ప్రదర్శన పెట్టవద్దు. ఎవరికి ఏ జబ్బుందో, ఎవరింట్లో మగదిక్కు లేదో ఊరందరి నోళ్లలో పడకూడదు. కార్యదర్శి దగ్గర ఒకటి, ఆశా దగ్గర ఒకటి, సర్పంచ్ దగ్గర ఒకటి ఉంటే సరిపోతుంది. జిల్లాకు విపత్తు ప్రణాళిక ఉండాలని 2005 చట్టం చెబుతోంది, కలెక్టరు దానికి పెద్ద. ఆ ప్రణాళిక కింది నుంచి, ఈ పుస్తకాల నుంచి పైకి వెళ్లాలి.

పత్రికగా మీరు చేయగలిగింది కూడా ఉంది. వాన పట్టిక పక్కన ఇంకొక గడి కలపండి, ఆ రోజు దారి తెగిన ఊళ్ల పేర్లతో. ఊరి విలేకరులు ఫోను మీద చెప్పగలిగిన సంగతే అది. ఎండాకాలంలో ఉష్ణోగ్రత పక్కన ఆ మండలంలో ఉపాధి పని ఎన్ని గంటలకు ఆపారో వేయండి. నాలుగు రోజులు వరసగా వేస్తే అధికారులే పొద్దు ఎక్కకముందు ఆపిస్తారు. మీ పత్రికంటే వాళ్లకు ఆ మాత్రం భయం ఉంది.

చివరిగా గ్రామసభ వేళ. ఉదయం పదకొండుకు పెడితే వచ్చేది పని లేనివాళ్లూ, పదవి ఉన్నవాళ్లూ. పుస్తకంలో పేరుండాల్సినవాళ్లు అప్పుడు చేలో ఉంటారు. రాత్రి ఏడు తర్వాత, భోజనాలయ్యాక పెట్టండి. తండాల్లో తండా మధ్యనే పెట్టండి, ఊళ్లోకి రమ్మనకండి. లంబాడీల గోర్ బోలిలో మాట్లాడగలిగిన మనిషిని వెంట తీసుకెళ్లండి. ముసలమ్మలు తెలుగులో తల ఊపుతారు, తమ భాషలో అడిగితేనే అసలు విషయం చెబుతారు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఏఎన్ఎం,
దేవరకొండ, నల్లగొండ జిల్లా